చేతి మీది స్వామి

మా ఆయన శివశంకర్ రోజూ పొద్దున పనికి వెళ్లే ముందు నా కుడిచేతిని తన రెండు చేతులతో పట్టుకుని, మోచేతికి కిందుగా ఉన్న పచ్చబొట్టును కళ్లకద్దుకునేవాడు. ఆ పచ్చబొట్టు ‘నర్సింహ స్వామి’ అని. అద్దుకుని, "స్వామీ, నువ్వే దిక్కు" అని, బోర్డులు రాసే రంగుడబ్బాల సంచి సైకిల్ హ్యాండిల్‌కు తగిలించుకుని వెళ్లిపోయేవాడు. హఫీజ్‌పేటలో మేం కిరాయికున్న వాడకట్టులో ఈ సంగతి తెలియని ఆడది లేదు. "మొగడంటే గట్లుండాలె. పెండ్లాం చేతిల దేవుణ్ణి చూసుకుంటడు" అని తమ మొగుళ్లను దెప్పడానికి నా చేతిని వాడుకునేవాళ్లు.

వాళ్లకు తెలియనిదేమిటంటే ఆ నర్సింహ దేవుడు కాదు. మా మేనత్త కొడుకు.

ఇది మొదట్లోనే చెప్పేస్తున్నాను. దాచి దాచి నాకు విసుగొచ్చింది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఏడుపాయల జాతరలో పొడిపించారు. మా వాళ్లలో పచ్చబొట్టు లేని ఆడపిల్లను పూర్తిగా తయారుకాని పిల్లలా చూసేవాళ్లు. మా అమ్మ సత్తెమ్మకు రెండు చేతుల మీదా తేళ్లు, తులసికోట, గడ్డం మీద మూడు చుక్కలు. చచ్చాక నగలు తీసుకుంటారు, చీర కూడా గుంజుకుంటారు, వెంట వచ్చేది పచ్చబొట్టొక్కటే అని మా నాయనమ్మ అనేది. నాకూ ఒక తేలో తులసికోటో పొడిపించి ఉంటే నా బతుకు సుఖంగా ఉండేది. మేనత్త అడ్డం పడింది. "నాకు కాబోయే కోడలు. నా కొడుకు పేరు పొడువు" అని పచ్చబొట్లామెకు చెప్పింది.

బావకు అప్పుడు పన్నెండేళ్లు. రంగులరాట్నం ఎక్కి పైనుంచి నన్ను చూసి నవ్వుతున్నాడు. నేను సూదులకు ఏడుస్తుంటే మా నాయన పెంటయ్య పేలాలు కొనిపెట్టాడు. అక్కడున్న పెద్దవాళ్లెవరికీ చదువు రాదు. నేను నాలుగో తరగతి కాబట్టి, ఒక్కొక్క అక్షరం పొడుస్తుంటే నెత్తురూ మసీ కలిసిన దాన్ని నేనే కూడబలుక్కుని చదివాను. న. ర్సిం. హ.

బావ చేతి మీద నా పేరు పొడవమని ఎవరూ అనలేదు. మగపిల్లవాడికి అలాంటి గుర్తు కావాలని ఎవరికీ తోచలేదు. చాలా ఏళ్ల దాకా నాకూ తోచలేదు, అదీ నా తెలివి.

తర్వాత మాదాపూర్ చుట్టూ భూములకు రెక్కలొచ్చాయి. మేనత్తవాళ్ల మెట్టచెలక అమ్ముడుపోయింది, బదులు మేడ వచ్చింది. మేడ మీది నుంచి చూస్తే మా ఇల్లు మరీ చిన్నగా కనబడినట్టుంది. బావకు బేగంపేట పిల్లను తెచ్చుకున్నారు. పెళ్లికి మమ్మల్ని పిలిచారు కూడా. చేయి కొంగు కింద పెట్టుకుని వెళ్లి, అక్షింతలు వేసి, ఎడమచేత్తో తినలేను కనుక అన్నం తినకుండా వచ్చాను.

మనిషి పోయాడు, పేరు మిగిలింది. ఒకడి పేరు రాసి ఉన్న పిల్లను ఇంకొకడు చేసుకుంటాడా? మా అమ్మకు చదువు రాదు గానీ తెలివికి లోటు లేదు. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు ఒకరోజు యాదగిరిగుట్టకు తీసుకెళ్లి, మెట్ల కింద బ్యాటరీ సూదితో పచ్చబొట్లు పొడిచే మనిషి ముందు కూర్చోబెట్టింది. "దీని పక్కపొంటి స్వామి అని రాయి నాయనా" అంది. అయిదు నిమిషాల్లో మా బావ దేవుడైపోయాడు. అంత సులువుగా దేవుడైనవాళ్లు పురాణాల్లో కూడా లేరు.

పెళ్లిచూపుల్లో శివశంకర్ వాళ్లమ్మ నా చేయి తిప్పి చూసింది. "గిదేంది?" అని అడిగింది. "గుట్ట నర్సింహస్వామి మొక్కు వదినె. పిల్ల కడుపుల పడ్డప్పుడే మొక్కుకున్న" అని మా అమ్మ గడ్డం మీది మూడు చుక్కలూ కదలకుండా అబద్ధమాడింది. ఆమె నా చేతికి దండం పెట్టింది. శివశంకర్ చాయ్ గ్లాసు పట్టుకుని చాలాసేపు నా చేయి వైపే చూశాడు. భక్తి అనుకున్నాను.

పెళ్లయిన మర్నాడే మొదలుపెట్టాడు కళ్లకద్దుకోవడం. రెండేళ్లు ఒక్కరోజు తప్పలేదు. ఒకసారి నాకు జ్వరమొచ్చి పడుకుంటే దుప్పటి తీసి మరీ అద్దుకున్నాడు. ఇంకో మగవాడి పేరుకు నా మొగుడు రోజూ దండం పెడుతుంటే చూస్తూ నిలబడేదాన్ని. మొదట నవ్వొచ్చేది. తర్వాత భయమేసేది. ఆ తర్వాత ఆ టైము దగ్గర పడుతుంటేనే చేయి చల్లబడేది. చెబుదామనుకుంటే, ఇన్ని దండాలు పెట్టించాక ఇప్పుడు చెబితే ఇంకేమన్నా ఉందా అనిపించేది. రోజులు పోయిన కొద్దీ దండాలు పెరిగాయి, చెప్పడం ఇంకా కష్టమైంది.

తొంభై ఎనిమిది చివర్లో నాకు ఉద్యోగమొచ్చింది. హైటెక్ సిటీలో కొత్తగా లేచిన అద్దాల బిల్డింగులో, నాలుగో అంతస్తులో, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ రిసెప్షన్. ఇంటర్ చదివి, టైపు నేర్చుకుని, అమీర్‌పేటలో మూడు నెలలు ఇంగ్లీషు మాట్లాడటం నేర్చుకున్నందుకు దొరికింది. మా ఇంట్లో నాకు ముందు కుర్చీలో కూర్చుని పనిచేసినవాళ్లు లేరు. పొద్దున్నే టై కట్టుకున్నవాళ్లు నా ముందు నుంచి పోతూ "గుడ్ మార్నింగ్ కళ్యాణి" అనేవాళ్లు. నా పేరు. ఎవరి పెళ్లాంగానో, ఎవరి కోడలిగానో కాదు. ఎదురుగా అద్దంలోంచి రాళ్లగుట్టలూ, వాటి మధ్య తవ్వుతున్న కొత్త పునాదులూ కనబడేవి. ఆ కుర్చీ అంటే నాకు ప్రాణం. సిగ్గు లేకుండా చెబుతున్నాను, మొగుడి కన్నా కూడా కొంచెం ఎక్కువే.

ఆ కుర్చీలో కూర్చోవడానికి నేను వేసవిలో కూడా నిండుచేతుల చుడీదార్లు వేసుకున్నాను. బస్సులో కడ్డీ పట్టుకుంటే బట్ట చేతులు మోచేతి దాకా జారేవి, కాలేజీ కుర్రాళ్లు చదివేవాళ్లు. "నర్సింహ స్వామి, జర జరుగు" అని ఒకడు నవ్వేవాడు. ఆఫీసులో కాగితం అందించాల్సి వస్తే ఎడమచేత్తో అందించేదాన్ని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరైనా ‘చేయి’ అన్నా నేను చేయి వెనక్కి తీసుకునేదాన్ని.

దాచాలని ఎందుకు అంతగా తెలిసిందంటే, మా ఆఫీసు తుడిచే చంద్రమ్మను చూసి. నల్లగండ్ల ఊరి మనిషి. నుదుటి మీద, చేతుల మీద, పాదాల మీద పచ్చబొట్లు. పైనుంచి గెస్టులు వస్తున్నారంటే ఆమెను వెనక మెట్ల మీదికి తోలేవాళ్లు. మిగతా తుడిచేవాళ్లను కాదు, ఆమెనొక్కదాన్నే. "నా చేతులు చూస్తే వాళ్లకు ముద్ద దిగదంట బిడ్డా" అనేది చంద్రమ్మ, మెట్ల మీద కూర్చుని తంబాకు నలుపుతూ. "నా పెండ్లిల గీ పచ్చబొట్లు సూసే మా అత్త మురిసిపోయింది. ఇప్పుడు గవ్వే పాడయినయి. నేను కడిగితే పోతయా?"

ఒకసారి బాత్‌రూమ్‌లో నేను చేతులు కడుక్కుంటుంటే ఆమె నా పచ్చబొట్టు చూసింది. నా చేతిని తన కొంగుతో తుడిచి, చేతి బట్టను తనే కిందికి లాగింది. ఆ సాయానికి నాకు ఏడుపొచ్చింది.

తొంభై తొమ్మిది మే నెలలో యూనిఫాం వచ్చింది. నెమలికంఠం రంగు పట్టుచీర, పొట్టిచేతుల జాకెట్టు. జూన్ మొదటి సోమవారం విదేశాల నుంచి పెద్ద బృందం వస్తోందనీ, ఆ రోజుకు రిసెప్షన్ కళకళలాడాలనీ అడ్మిన్ మేనేజరు పార్థసారథి గారు చెప్పారు. ఆయనది కాకినాడ వైపు. గట్టిగా మాట్లాడి ఎరగరు. నా పక్క కుర్చీలో కూర్చునే పింకీ చీరను ఒంటికి పెట్టుకుని అద్దంలో చూసుకుంది. నేను మర్నాడు చేతికి పట్టీ చుట్టుకుని వచ్చాను.

"గంజి పడి కాలిందండి" అన్నాను.

గంజి కాలితే ఎన్ని రోజులుంటుంది? వారం గడిచింది. పార్థసారథి గారికి జాలి ఎక్కువైంది. మందులపెట్టె తెప్పించి, "పింకీ, ఆ పట్టీ విప్పి కొంచెం బర్నాల్ రాసిపెట్టమ్మా. పాపం, మానడం లేదు" అన్నారు. నేను వద్దు వద్దంటున్నా పింకీ స్నేహంగా నవ్వుతూ పట్టీ విప్పేసింది. కాలిన మచ్చ లేదు. నర్సింహ స్వామి ఉన్నాడు.

పింకీ చేతిలో బర్నాల్ ట్యూబు అలాగే ఉండిపోయింది. పార్థసారథి గారు నన్ను తన గదిలోకి రమ్మన్నారు.

"ఏంటండీ కళ్యాణి గారూ ఇది?"

"దేవుడి పేరండీ."

"దేవుడి పేరే, కాదన్లేదు. నాకూ భక్తే. కానీ ఈ కంపెనీకి వచ్చినవాళ్లు ముందు మిమ్మల్నే చూస్తారండి. పచ్చబొట్లంటే మీకు తెలుసు కదా, ఎలాంటివాళ్లు పొడిపించుకుంటారో."

"మా అమ్మ పొడిపించుకుందండి."

ఆయన మొహం ఎర్రబడింది. కాగితాలు సర్దుకున్నారు. నాకూ ఒళ్లు మండింది. మండితే నోరాగదు. "మార్చిలో వచ్చిన దొరసాని మేడమ్‌కు భుజం మీద నీలం పిట్ట ఉంది కదండీ. మీరే చాలా బావుందన్నారు. పింకీ నెలరోజులు అదే చెప్పింది."

"అది ఫ్యాషనమ్మా. ఇది..." అని ఆగారు.

తర్వాత ఆయన చెప్పింది నిజంగా మంచి మాటే. అమీర్‌పేటలో చర్మం డాక్టరున్నాడు, లేజరుతో తీసేస్తాడు, నాలుగైదు సార్లు వెళ్లాలి, ఖర్చు కంపెనీదే. శనివారం వెళ్లి మొదలుపెడితే చాలు, పూర్తిగా పోయేదాకా పట్టీతో కూర్చోవచ్చు. అలా కుదరదంటే, ఉద్యోగం ఎక్కడికీ పోదు, టెలిఫోన్ గదిలోకి మారుస్తారు. అక్కడ ఎవరూ చూడరు.

టెలిఫోన్ గది నాకు తెలుసు. వంటగది వెనక, కిటికీ లేనిది. చెవులకు తగిలించుకుని, వచ్చిన ఫోన్లు లోపలికి కలుపుతూ ఉండాలి. అందులో పనిచేసిన జ్యోతి, బయట వాన పడుతోందో లేదో ఇంటికి వెళ్లేటప్పుడు గానీ తెలియదు అనేది.

గదిలోంచి బయటికి వస్తుంటే నాకు కోపం కన్నా ఆశే ఎక్కువుంది. పోతుందట. పదమూడేళ్ల నుంచి నా ఒంటి మీద కాపురమున్న పేరు పోతుందట, ఇంకొకరి ఖర్చుతో. కుర్చీ ఉంటుంది, చేయి నాదవుతుంది, పొద్దున్నే మొగుడి దండం తప్పుతుంది. ఆ రోజు బస్సులో కడ్డీ గట్టిగా పట్టుకున్నాను. ఎవడు చదువుకుంటే చదువుకోనీ, ఇక నాలుగు రోజులే అనుకున్నాను.

ఇంటికొచ్చి శివశంకర్‌తో చెప్పాను. చెప్పానంటే సగం చెప్పాను. ఆఫీసువాళ్లు తీయించుకొమ్మంటున్నారు, డాక్టరు ఖర్చు వాళ్లదే అన్నాను.

అన్నం కలుపుతున్నవాడు ఆపాడు. "దేవుని పేరు చెరిపిస్తరా?"

"పేరు చేతి మీద పోతే దేవుడు పోతడా? మనసుల ఉంటడు గద."

"ఒద్దు."

"కుర్చీ పోతది. పెట్టెలాంటి గదిల ఏస్తరు."

"ఏస్తే ఏయనీ. నౌకరి ఉంటది గద. ఇగ గీ ముచ్చట మల్ల తియ్యకు."

రెండేళ్లలో ఆయన నా మాటకు ‘ఒద్దు’ అనడం అదే మొదలు. నేను ఉద్యోగం చేస్తానంటే ఒప్పుకున్నాడు, వాళ్లమ్మతో నాకు పడటం లేదు, వేరే ఉందామంటే వచ్చాడు. ఈ ఒక్కటే కాదన్నాడు. దేవుడంటే అంత గురి అనుకున్నాను. ఆ గురి పెంచింది నా అబద్ధమే కదా.

మా అమ్మ దగ్గరికి పరుగెత్తాను. "నిజం చెప్పెయ్యనా అమ్మా?" అంటే నా నోరు మూసింది. "పిచ్చిదానా, దేవుని పేరని ఏలుకుంటుండు. మనిషి పేరని తెలిస్తే ఏలుకుంటడా? చెప్పకు. చెరిపియ్యకు. చెయ్యి కప్పుకో." మా అమ్మకు లోకంలో ఉన్న ఉపాయాలన్నీ ఆ మూడే.

నిజం చెబితే పచ్చబొట్టు తీయించుకోవచ్చు, కాపురం ఉండదు. చెప్పకపోతే కాపురం ఉంటుంది, పచ్చబొట్టూ ఉంటుంది, కుర్చీ ఉండదు. అడకత్తెరలో పోకచెక్కలా అయింది నా పని.

శనివారం ఆఫీసు కారులోనే అమీర్‌పేట వెళ్లాను. చేయించుకుని వచ్చేస్తే తర్వాత చూసుకోవచ్చు, మొగుడు ఏడుస్తాడు, నాలుగు రోజులకు సర్దుకుంటాడు అని మొండి ధైర్యం. డాక్టరు నా చేయి చూసి, రెండు రకాల మసి ఉంది, స్వామి త్వరగా పోతుంది, నర్సింహ లోతుగా ఉంది, ఆలస్యమవుతుంది అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంటే మొదట దేవుడు పోయి మనిషి మిగులుతాడన్నమాట. తర్వాత అక్కడి అమ్మాయి ఒప్పుకోలు కాగితం ఇచ్చింది. కింద ‘తండ్రి లేదా భర్త సంతకం’ అని ఉంది.

"చెయ్యి నాది కదమ్మా" అన్నాను.

"రూలు మేడమ్" అంది.

పెన్ను పట్టుకుని, దొంగ సంతకం పెడదామా అని కూడా చూశాను. శివశంకర్ సంతకం ఎవరూ పెట్టలేరు. బోర్డులు రాసేవాడు కదా, బ్యాంకు కాగితం మీద కూడా గొలుసుకట్టు తీగలతో, కింద నీడ గీతతో పెడతాడు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చాను.

సాయంత్రం వాకిట్లో రేకు బోర్డు పరుచుకుని రాస్తున్నాడు. ‘నల్లగండ్లలో ప్లాట్లు అమ్మబడును’. ఎర్ర అక్షరాలు. ఆయన ముందు కూర్చున్నాను. ఇక దాచడం నా వల్ల కాలేదు. ఏడుపాయల జాతర, మేనత్త, రంగులరాట్నం, బేగంపేట పెళ్లి, గుట్ట మెట్ల కింద బ్యాటరీ సూది, అన్నీ చెప్పాను. ఆయన బ్రష్షు ఆగలేదు. ‘అమ్మబడును’లో చివరి కొమ్ము తిప్పి, బ్రష్షు కిరోసిన్ డబ్బాలో పెట్టాడు.

"తెలుసు" అన్నాడు.

నాకు వినబడలేదనుకున్నాడేమో, మళ్లీ అన్నాడు. "చూపులనాడే తెలుసు. నువ్వు చాయ్ ఇయ్యంగనే సదివిన. అక్షరాలు సూసుడే గద నా పని. నర్సింహ ఒక చెయ్యి రాసింది, స్వామి ఇంకో చెయ్యి రాసింది. నర్సింహ నీతోని పెరిగింది. న సాగింది, హ సాగింది, రంగు పాతవడ్డది. స్వామి పెరగలే. సన్నగ, నల్లగ, మొన్న రాసినట్టున్నది. దేవుని పేరే అయితే స్వామి ముందే రాస్తుండె. పదేండ్లకు యాదికొస్తదా?"

నా చేతిని చూసుకున్నాను. పదమూడేళ్లు మోసినదాన్ని, నాకు కనబడలేదు. నర్సింహ వెడల్పుగా, మసకగా ఉంది. దాని పక్కన స్వామి చిన్నగా, ముడుచుకుని ఉంది.

"తెలిసి ఎందుకు చేసుకున్నవు?"

"నువ్వు నచ్చినవు."

"తెలిసి రోజూ ఎందుకు మొక్కినవు? రెండేండ్లు నేను భయంతోని సచ్చిన. ఒక్కనాడన్న చెప్పొద్దా?"

"నువ్వు చెప్పినవా?" అని అడిగాడు. కోపంగా కాదు. "రోజూ మొక్కితే దేవుడే అయితడనుకున్న. వాడకట్టోళ్లకు అయిండు. మా అమ్మకు అయిండు. నాకు గూడ సగం అయిండు. ఇంక కొన్నేండ్లయితే మొత్తం అయితుండె."

నాకు ఆయన మీద అప్పుడు కలిగిన ప్రేమ అంతకుముందు ఎప్పుడూ కలగలేదు. ఆ ప్రేమతోనే కాగితం తీసి ముందు పెట్టాను. "ఇగ ఇద్దరికి తెలుసు గద. తీపిచ్చేద్దాం. సంతకం పెట్టు."

ఆయన కాగితం ముట్టుకోలేదు. "ఇద్దరికే తెలుసు. తీపిస్తే అందరికి తెలుస్తది."

"ఎట్ల తెలుస్తది?"

"దేవుని పేరు ఎవరన్న చెరిపించుకుంటరా కళ్యాణీ? మనిషి పేరే చెరిపించుకుంటరు. రెండేండ్లు శివశంకర్‌గాడు ఎవని పేరుకు మొక్కిండని ఊరంత అడుగుతది. మా అన్నలు అడుగుతరు. నేనేం చెప్పాలె?"

ఆయన దండాలే నాకు తాళం వేశాయి. ఆయన పెట్టిన ప్రతి దండం ఆ పేరును ఇంకాస్త లోతుకు దింపింది, ఏ లేజరుకూ అందనంత లోతుకు.

కిరోసిన్ డబ్బాలోంచి బ్రష్షు తీస్తూ ఒక్క మాట అడిగాడు. "మీ బావ చేతి మీద నీ పేరున్నదా?"

"లేదు" అన్నాను.

తలవంచుకుని బ్రష్షు తుడుచుకున్నాడు. మొగుడికి ఆ మాటతో కొంచెం ఊరట కలిగిందని నాకు అర్థమైంది. నాకు మాత్రం ఒళ్లంతా మంటెత్తింది. పేరు మోసేది నేను, కప్పుకునేది నేను, చీకటిగదిలోకి పోయేది నేను. ఒకడు రంగులరాట్నం దిగి ఇంటికెళ్లాడు, ఇంకొకడు పరువు కాపాడుకుంటున్నాడు, మూడోవాడు కంపెనీ మొహం కాపాడుకుంటున్నాడు. ముగ్గురూ మంచివాళ్లే, అదే నా ఖర్మ.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే స్నానం చేసి, కుంకుమ పెట్టుకుని, ఆయన చాప వేసి కూర్చున్నాడు. బోర్డు మీద గీతలు కొట్టే సుద్ద దారం, స్కేలు, నీలం బాల్‌పెన్ను పక్కన పెట్టుకున్నాడు. మొహంలో రాత్రంతా నిద్రపోనివాడి అలసట, దాని మీద ఏదో తేలిక.

"ఇటు రా. చెయ్యి పెట్టు" అన్నాడు.

కళ్లకద్దుకోవడానికనుకుని పెట్టాను. అద్దుకోలేదు. నా చేతిని తన మోకాలి మీద వెల్లకిలా పరిచి, మోచేతి మడత నుంచి మణికట్టు దాకా దారం లాగి పట్టి చిటుక్కున వదిలాడు. తెల్లని గీత పడింది.

"రాత్రంతా సోచాయించిన. స్వామి చిన్నగున్నది గాబట్టే అనుమానం. తెలిసినోడెవడన్న సదివితే దొరికిపోతం. దాన్ని లావు చేపిద్దాం. ముందల జాగున్నది గద, శ్రీలక్ష్మీ అని పెట్టిద్దాం. శ్రీలక్ష్మీ నర్సింహ స్వామి. అప్పుడు బ్రహ్మదేవుడొచ్చినా మనిషి పేరనడు. గుట్టకు పొద్దున బస్సున్నది. నేను గీసిస్త, వాడు గీత మీద పొడుస్తడు. మంచిగొస్తది."

"ఇంకా పొడిపిస్తవా?" అన్నాను.

"ఇదే ఆఖరు. ఇగ నీకు ఫికరుండదు, నాకుండదు."

పెన్ను మూత తీశాడు. నిజం చెప్పాలంటే ఆయన చేతిరాత చాలా అందమైనది. సైబరాబాదులో సగం అపార్ట్‌మెంట్లకు పేర్లు ఆయనే రాశాడు. మోచేతి మడత దగ్గర ‘శ్రీ’ మొదలుపెట్టాడు. పెన్ను ముల్లు చర్మం మీద చల్లగా తగిలింది. ఇష్టంగా, ఓపికగా, ఏ బోర్డు మీదా పెట్టనంత శ్రద్ధ పెట్టి గీస్తున్నాడు. చేయి వెనక్కి తీసుకోవచ్చు. తీసుకుని ఎక్కడ పెట్టుకోను? అది ఎక్కడికి పోయినా పేరు దానితోనే వస్తుంది, పేరుతో పాటు మొగుడు వస్తాడు, వాడకట్టు వస్తుంది.

బయట పక్కింటామె నీళ్ల బిందెతో పోతూ ఆగి లోపలికి చూసింది. మా ఆయన నా చేతి మీద దేవుడి పేరు రాస్తున్నాడని చూసి చెంపలు వేసుకుంది.

నేను కొంగు సర్దుకోబోయాను.

"కదలకు" అన్నాడు శివశంకర్, తలెత్తకుండానే. "శ్రీ వంకర పోతది."

నేను కదల్లేదు.